ఆంగ్ల వర్ణక్రమమున దేశభేదములు: సికింద్రాబాదు మొదలగు నామముల విమర్శ

ఒకే భాష పెక్కు దేశములందు వ్రాయబడునపుడు వర్ణక్రమమున భేదములు పుట్టుట సహజము. అట్టి భేదము దోషమా, వికల్పమా యను ప్రశ్నము శాబ్దికులకు క్రొత్తది కాదు. ఆంగ్లభాషావిషయమున నీ ప్రశ్నము తెలుగువారికి రెండు తెరగుల నెదురగుచున్నది. బ్రిటనుదేశపు వర్ణక్రమమును, అమెరికాదేశపు వర్ణక్రమమును తెలుగునాటి పాఠశాలలయందును కార్యాలయములయందును ఒక్కచోటనే కలియుట మొదటి తెరగు. తెలుగువారి యూళ్ల పేళ్లును, కవుల పేళ్లును ఆంగ్లలిపి నెక్కునపుడు సీమకొక రీతిగా మారుట రెండవ తెరగు. మొదటిదానిపై వాదములు మిక్కుటము. రెండవదానివలన నష్టము మిక్కుటము. ఏలయన, మొదటిదానివలన విద్యార్థికి నొకటి రెండు మార్కులు తగ్గవచ్చును. రెండవదానివలన గ్రంథాలయసూచికయందు కవియే కనబడకపోవచ్చును. ఈ రెంటికిని నిర్ణయసూత్ర మొక్కటియే యని చూపుట యిచ్చట నుద్దేశింపబడినది.

బ్రిటను, అమెరికా వర్ణక్రమములు

రంగునకు పేరైన 'కలర్', గౌరవవాచకమైన 'ఆనర్' మొదలగు పదములందు బ్రిటనువారు తుది 'ఆర్' అక్షరమునకు ముందు ఓ, యు అను రెండక్షరములను వ్రాయుదురు. అమెరికావారు 'ఓ' మాత్రమే వ్రాయుదురు. 'సెంటర్' అను పదమును బ్రిటనువారు ఆర్–ఇ అనియు, అమెరికావారు ఇ–ఆర్ అనియు ముగింతురు. భారతదేశపు పాఠశాలలలో బ్రిటను రీతియే పరంపరాగతము. అందుచే అమెరికావారు యుకారమును లోపింపజేసి భాషను చెరచిరని చెప్పుట పండితులలో సైతము వినవచ్చును. చరిత్రమును చూచిన నీ మాట నిలువదు. లాటినుభాషలో నీ పదములకు యుకారము లేదు. ప్రాచీన ఫ్రెంచిభాష ద్వారమున వచ్చినపుడు చేరినదే యుకారము. కావున అమెరికా రూపము లాటినునకు సమీపము, బ్రిటను రూపము ఫ్రెంచికి సమీపము. రెంటికిని వంశము కలదు. ఒకటి ప్రకృతి, రెండవది వికృతి యని నిర్ణయించుటకు వీలు లేదు.

జాన్సను పండితుడు 1755లో ప్రకటించిన నిఘంటువు బ్రిటనువారికి ప్రమాణమని చెప్పుదురు. అందు దోషవాచకమైన 'ఎర్రర్' పదమునను, పాలకవాచకమైన 'గవర్నర్' పదమునను కూడ యుకారము గలదు. సంగీతవాచకమైన 'మ్యూజిక్' పదము తుదను 'కె' అక్షరము గలదు. ఆ రూపములను పిదప బ్రిటనువారే విడిచిపెట్టిరి. జాన్సనుమీది గౌరవముచేత నొక యుకారమును రక్షింపబూనువారు తక్కిన వానిని గూడ రక్షింపవలసివచ్చును. అమెరికాయందు నోవా వెబ్‌స్టరు 1783లో బాలశిక్షను, 1806లో చిన్న నిఘంటువును, 1828లో సుమారు 70,000 పదములు గల మహానిఘంటువును ప్రకటించెను. ఆతడు చెప్పిన దెల్ల లోకము గ్రహింపలేదు. 'కలర్' పదమున యుకారలోపమును గ్రహించినది. నాలుకకు పేరైన 'టంగ్' పదమును నాలుగక్షరములతో ఉచ్చారణానుసారముగా వ్రాయుడనగా గ్రహింపలేదు. 1906లో అమెరికా అధ్యక్షుడగు థియోడోరు రూజువెల్టు మున్నూరు పదములకు సులభ వర్ణక్రమము నేర్పరచి ప్రభుత్వముద్రణములందు వాడుడని యాజ్ఞాపించెను. శాసనసభ ప్రతికూలింపగా నా యాజ్ఞ మరలింపబడెను. నిఘంటుకారునికంటెను, రాజ్యాధ్యక్షునికంటెను లోకవ్యవహారమే బలవత్తర మనుటకు నింతకు మించిన నిదర్శన మేల?

మరియు బ్రిటను రీతి యనబడునది యేకరూపము కాదు. క్రియాపదములను నిష్పన్నము చేయు 'ఐజ్' ప్రత్యయమును 'జెడ్' అక్షరముతో వ్రాయుట అమెరికారీతి యని పెక్కండ్రు తలంతురు. ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు జెడ్‌తోడనే వ్రాయుచున్నది. ఏలయన నా ప్రత్యయము మూలమున గ్రీకుది, గ్రీకున నది జకారసదృశ మగు వర్ణము. ఎస్‌తో వ్రాయువారికి ఫ్రెంచి రూపము మూలము. ఒక్క విషయమున మాత్రము బ్రిటను రీతికి గుణాధిక్యము చెప్పవచ్చును: 'లైసెన్సు', 'ప్రాక్టీసు' అను పదములు నామవాచకములైనచో 'సి'తోను, క్రియలైనచో 'ఎస్'తోను వ్రాయబడును. ఉచ్చారణము సమానమైనను లిపి యర్థభేదమును చూపుచున్నది. అమెరికా రీతిలో నీ భేదము నశించినది.

సంజ్ఞాశబ్దముల మార్గము వేరు. ఆస్ట్రేలియాయందు శ్రమను దెలుపు 'లేబర్' అను సామాన్యపదమును యుకారముతో వ్రాయుదురు. అచ్చటి రాజకీయపక్షము మాత్రము 1912 నుండి తన పేరును యుకారము లేకయే వ్రాసికొనుచున్నది. ఆ దేశమున దీనిని దోషముగా నెవ్వరు నెంచరు. సామాన్యశబ్దమునకు చెప్పిన విధి సంజ్ఞయందు బాధింపబడు ననుట వైయాకరణులకు సుపరిచితమే.

నామముల లిప్యంతరము

వెబ్‌స్టరు చిన్న నిఘంటువు వెలువడిన 1806వ సంవత్సరముననే దక్కనులో నొక దండుబస్తీకి సికింద్రాబాదను పేరు కలిగెను. 1803 మొదలు 1829 వరకు పాలించిన నిజాము సికందర్ జా పేర నా నామము వెలసినది. సికందరనగా గ్రీకువీరుడగు అలెగ్జాండరే. అరబ్బులు ఆ నామమందలి మొదటి 'అల్' అను భాగమును తమ భాషలోని యుపపదముగా భావించి విడదీయగా 'ఇస్కందర్' మిగిలినది. పారసీకమున నది 'సికందర్' అయ్యెను. తెలుగువారి నోట 'సికింద్ర' యయ్యెను. ఇన్ని భాషల బాట నడచిన నామము ఆంగ్లలిపి నెక్కునపుడు ఎస్, ఇ, సి, యు, ఎన్, డి, ఇ, ఆర్ అను నక్షరములను ధరించెను. ఇకారమునకు 'ఇ', కకారమునకు 'సి', మొదటి అకారమునకు 'యు', రెండవ అకారమునకు మరల 'ఇ' యను నక్షరములు వచ్చినవి. ఉత్తరప్రదేశమున బులందుశహరు జిల్లాలో సికందర్ లోదీ పేర నిట్టి నామమే గల పట్టణ మొకటి గలదు. దానిని ఎస్, ఐ, కె, ఎ అను నక్షరములతో నారంభించి వ్రాయుదురు. పేరు నొకటే, భాష నొకటే, లిపి నొకటే. వర్ణక్రమము మాత్రము వేరు. భేదము ధ్వనియందు లేదు, వ్రాతచరిత్రమునందు గలదు.

ఆ చరిత్రమున రెండు సంప్రదాయములు కానవచ్చును. సర్ విలియం జోన్సు 1788లో కలకత్తాయందలి ఆసియాటిక్ సంఘపు ప్రచురణముల మొదటి సంపుటమున తూర్పుదేశపు పదములను రోమనులిపిలో వ్రాయుటనుగూర్చి వ్యాసము ప్రకటించెను. అచ్చులకు నిటలీభాషలోని విలువ నిచ్చి, అకారమునకు 'ఎ', ఇకారమునకు 'ఐ', ఉకారమునకు 'యు' అక్షరముల నాతడు విధించెను. (ఆ వ్యాసపు పేరున 'ఆసియాటిక్' పదము తుదను 'కె' అక్షరము గలదు, నేడు బ్రిటనునను అమెరికాయందును అది లేదు.) కలకత్తాలో 1800లో స్థాపింపబడిన ఫోర్టు విలియం కళాశాలయందు హిందుస్థానీ బోధించిన గిల్‌క్రిస్టు ఆంగ్లేయుల చెవి నాధారముగా గొని, హ్రస్వాకారమునకు 'యు', ఉకారమునకు రెండు ఓకారములు, ఈకారమునకు రెండు ఇ–అక్షరములు వాడెను. సికింద్రాబాదు పేరున యుకారము ప్రవేశించుట యీ రెండవ తెన్నునకు జేరినది. 1870 దశకమున హంటరు జోన్సు మార్గమును సంస్కరింపగా ప్రభుత్వ మంగీకరించెను. అయినను చిరకాలరూఢములగు నామములను విధినుండి తప్పించిరి. ఆ మినహాయింపువలననే కలకత్తా, బొంబాయి మొదలగు పేళ్లవలె సికింద్రాబాదు పేరును తన పూర్వరూపముతో నిలిచినది.

తెలుగుభాష పేరే యీ యవ్యవస్థకు సాక్ష్యము. శ్రీరామపురమున కేరీ 1814లో ప్రకటించిన వ్యాకరణము పేరున తెలింగశబ్దము గలదు. చెన్నపురిలో క్యాంబెలు 1816లో ప్రకటించిన వ్యాకరణమున 'తెలుగు' పదమందలి ఉకారములు రెంటికిని జంట ఓకారములు వ్రాయబడెను. 1817లో విలియం బ్రౌను వ్యాకరణము దీనినే 'జెంటూ' యని పిలిచెను. 1840లో చార్లెసు ఫిలిప్పు బ్రౌను వ్యాకరణమున నేటి రూపము కానవచ్చును. ఇరువదియాఱు సంవత్సరములలో నొకే భాషకు వచ్చిన నాలుగు వ్యాకరణములు నాలుగు విధములుగా దాని పేరును వ్రాసినవి.

తెలుగుదేశము చెన్నపురి రాజధానిలోను, నిజాము రాజ్యములోను విడివడియున్న కాలమున నామలేఖనము రెండు మార్గముల నడచెను. సముద్రతీరమున వర్తకుల నోటినుండి పేళ్లు కాగితమున కెక్కెను: మచిలీపట్టణము 'మసూలిపటం' అయ్యెను, కాకినాడ సి–అక్షరముతో 'కోకనాడ' యయ్యెను, బెజవాడకు నడుమ జెడ్ అక్షరము చేరెను. నిజాము రాజ్యమున పేళ్లు పారసీకలిపి ద్వారమున వచ్చెను. ఆ లిపియందు హ్రస్వస్వరములకు సాధారణముగా గుర్తులు వ్రాయబడవు. అందుచే భువనగిరి 'భోంగీర్' అయ్యెను. జనగామ 'జన్‌గాఁవ్' అయ్యెను. జగిత్యాల 'జగ్తియాల్' అయ్యెను. సిద్దిపేట, సూర్యాపేట, బేగంపేట మొదలగు వానియందు పేటశబ్దపు తుది యచ్చు ఆంగ్లమున లోపించుటకును నిదియే హేతువని తోచును. జగ్గయ్యపేటయం దా యచ్చు నిలిచియున్నది.

సికింద్రాబాదునం దీ రెండు మార్గములును నెదురుపడినవి. అచ్చటి దండున చెన్నపురి సైన్యము విడిసియుండెను. దండువారి చేత తిరుమలగిరి 'ట్రిమల్‌ఘెర్రీ' యయ్యెను. అందు మొదటి ఇకారము లోపించినది. మకారముపైని అకారమునకు 'యు' వచ్చినది. గకారమునకు జి–హెచ్ వచ్చినది. తెలుగు పేరున మహాప్రాణము లేదు. ఇ–అక్షరము పరమైనపుడు జి–అక్షరమును ఆంగ్లేయుడు జకారముగా చదువునేమో యను శంకచే హెచ్ చేర్చిరని యూహింపవచ్చును. బొల్లారము తుదను యు–ఎమ్ అక్షరము లుండుట యీ మార్గమునకే జేరినది. దాని పొరుగుననే బేగంపేట పారసీకమార్గమున నచ్చు పోగొట్టుకొని నిలిచినది. ఒక్క పట్టణముననే యిన్ని వర్ణక్రమము లుండగా, 'సరియైన వర్ణక్రమ మేది' యని యడుగువాడు 'ఎవరి మార్గమున' నని మరల ప్రశ్నింపబడవలసియుండును.

ఈ సంకరము గతకాలముతో ముగియలేదు. 2016లో తెలంగాణమున క్రొత్త జిల్లా లేర్పడినపుడు భువనగిరి జిల్లా పేరున తెలుగురూపమే ఆంగ్లమున గ్రహింపబడినది. జనగామ జిల్లా పేరున పారసీకమార్గపు రూపమే నిలుపబడినది.

తకార విచారము

ఇక మిక్కిలి చిక్కైన విషయము తకారము. ఆంగ్లలిపియందు టకారతకారములకు వేర్వేరు గుర్తులు లేవు. 'టి' యొక్కటియే గలదు. ఉత్తరదేశమువారు రెంటికిని 'టి'నే వాడి, టి–హెచ్ అను జంటను థకారమునకు దాచిరి. దక్షిణదేశమువారు టి–హెచ్‌ను తకారమునకే వాడి, 'టి'ని టకారమునకు విడిచిరి. అందుచే 'లలిత' యను పేరు గల యుత్తరదేశపు స్త్రీకి హెచ్ లేదు, తెలుగు స్త్రీకి హెచ్ గలదు. ఉత్తరదేశపు పండితులు దీనిని అజ్ఞానకృత మని పరిహసించుట గలదు. ఈ పరిహాసము యుక్తమా?

రెండు మార్గములందును నొక్కొక వర్ణభేదము నశించుచున్నది. ఉత్తరమార్గమున టకారతకారముల భేదము నశించును. దక్షిణమార్గమున తకారథకారముల భేదము నశించును. కావున నే భాషకు నే నష్టము స్వల్పమో చూడవలయును. తెలుగున కోట–కోత, మూట–మూత, పూట–పూత, చేట–చేత, పాట–పాత మొదలగు జంటలు వాడుకలో నడుగడుగునను గలవు. థకారమన్ననో, కథ, రథము, నాథుడు మొదలగు తత్సమములందే వినవచ్చును. తకారథకారముల మార్పుచే నర్థము మారు తెలుగు జంటలు మృగ్యములు. కావున తెలుగునకు దక్షిణమార్గమే లాఘవము గలది. ఇది యజ్ఞానము గాదు. భాషాస్వభావమునకు తగిన యెన్నిక.

ఇంకొక విశేషము. పదాదిని మాత్రము తెలుగువారు తరచుగా హెచ్ లేకయే తకారమును వ్రాయుదురు: తెలుగు, తెలంగాణము, తిరుపతి, తెనాలి మొదలగునవి 'టి'తోడనే యారంభమగును. అచ్చతెలుగున టకారాది పదములు స్వల్పము గావున నచ్చట భ్రాంతికి దావు లేదు. పదమధ్యముననే భ్రాంతి; అచ్చటనే హెచ్ చేరినది. ఏ పండితుడును విధింపకయే వ్యవహర్తలు తమంతట తా మేర్పరచుకొన్న వ్యవస్థ యిది. అయిన నిది ప్రాయికమే కాని నిత్యము గాదు. చిత్తూరు పేరున ద్విత్వతకారము రెండు 'టి'లతో నున్నది. కొత్తగూడెము పేరున నదే ద్విత్వము టి–హెచ్‌తో నున్నది. అనంతపురము పేరు పూర్వము హెచ్ లేక యుండెను. 2022 జిల్లాల పునర్విభజన నాటి రూపమున హెచ్ చేరినది.

ఇందలి యపాయము కవుల పేళ్లయందు స్పష్టపడును. పోతనను దక్షిణమార్గమున టి–హెచ్‌తో వ్రాయుదురు. శ్రీనాథునకు నే మార్గముననైనను టి–హెచ్ తప్పదు. లోకవార్త వారిద్దరిని బావమరదులను చేసినది. ఆంగ్లలిపి వారి తకారథకారములను నొకటి చేసినది. తెలుగెరుగని పాఠకుడు పోతనను 'పోథన' యని చదివినచో నాతని తప్పు లేదు. ఒక విద్వాంసుడు హెచ్‌తోను, ఇంకొకడు హెచ్ లేకయు వ్రాసినచో, యంత్రసూచికలో నొక రూపముతో వెదకువానికి రెండవ రూపముతో నున్న గ్రంథములు దొరకకపోవచ్చును. తిక్కన పేరున హెచ్ మొదటి యక్షరము ప్రక్కనే చేరును గావున అకారాదిక్రమమున నాతని స్థానమే మారిపోవును.

శాస్త్రదృష్టి

ఇట్టి భేదములయెడ సంస్కృతవైయాకరణు లెట్లు ప్రవర్తించిరో చూడదగును. పాణిని ప్రాగ్దేశమువారి మతమును, ఉదగ్దేశమువారి మతమును పేర్కొని వికల్పములు చెప్పెను. శాకల్యుడు, శాకటాయనుడు, గార్గ్యుడు మొదలగు నాచార్యుల మతములను పేరెత్తి గ్రహించెను. ఒక దేశపు ప్రయోగమును వేరొక దేశపు ప్రయోగముతో కొట్టివేయలేదు. పతంజలి పస్పశాహ్నికమున నొక ధాతువు కాంబోజదేశమున గమనార్థమున వాడబడుననియు, ఆర్యులు దాని వికారమగు శవశబ్దమునే వాడుదురనియు, కోయుట యను నర్థమున నొక దేశమువారు క్రియను, ఇంకొక దేశమువారు దానివలన బుట్టిన కొడవలి పేరును మాత్రమే వాడుదురనియు చూపెను. శబ్దప్రయోగవిషయము మిక్కిలి విశాలము. తానెరుగని దానిని లేదనుట సాహసము. ఇదియే భాష్యకారుని యాశయము. తెలుగున చిన్నయసూరియు వైకల్పిక, బహుళ విధులచే ప్రయోగవైవిధ్యమునకు దావిచ్చెను.

పేళ్ల మార్పునకు స్థానివద్భావ మను న్యాయము చక్కగా నన్వయించును. ఆదేశము స్థానివలె ప్రవర్తించును. అయితే వర్ణము నాశ్రయించిన కార్యములందు మాత్రమట్లు ప్రవర్తింపదు. 2005లో కడప పేరు ఆంగ్లమున 'సి' విడిచి 'కె' గ్రహించినది. దస్తావేజులయందు, న్యాయస్థానములయందు, పన్నులయందు క్రొత్తరూపము పాతరూపమువలెనే చెల్లును. అక్షరక్రమము నాశ్రయించిన సూచికలయందు మాత్రము చెల్లదు. సి–వర్గమున నున్న యూరు కె–వర్గమునకు పోయినది. విజయవాడ రైలుస్టేషనునకు నేటికిని బి–జెడ్–ఎ యను సంకేతమే యున్నది. బెజవాడ పోయినను దాని వర్ణములు మిగిలినవి. కావున నామసంస్కరణము చేయువారు రూపము మార్చినంతనే తమ పని ముగిసినదని తలపరాదు. వర్ణాశ్రయకార్యములకు వేరుగా నేర్పాటు చేయవలయును.

పూర్వపక్ష సిద్ధాంతములు

ఇచ్చట పూర్వపక్షి యిట్లనవచ్చును: 'అన్నియు సాధువులే యైనచో నుపాధ్యాయుడు దేనిని దిద్దవలయును? వర్ణక్రమమున కట్టుబాటే లేకపోవును గదా.' ఈ యాక్షేపమునకు సమాధానము సులభము. వికల్ప మనగా స్వేచ్ఛ గాదు. ఒక దేశపు శిష్టప్రయోగమున నున్నది సాధువు. ఏ దేశముననులేనిది యసాధువు. 'కలర్' పదమున యుకారము వ్రాయకుండుట వికల్పము. ఎల్–అక్షరము రెండుమార్లు వ్రాయుట తప్పు. ఇక నొక పుటయందే యొకచోట యుకారమును వ్రాసి యింకొకచోట విడుచుట ప్రక్రమభంగము. ఉపాధ్యాయుడు దిద్దవలసినది యీ రెంటినే. నేటి విద్యార్థి పాఠ్యపుస్తకమున బ్రిటను రూపమును, గణనయంత్రపు తెరపై తరచుగా అమెరికారూపమును చూచుచున్నాడు. రెండవదానిని వ్రాసినందులకు మాత్రమే వాని మార్కులు కోయుట శాస్త్రము గాదు, న్యాయమును గాదు.

రెండవ పూర్వపక్ష మిది: 'పేళ్లన్నియు నుచ్చారణానుసారముగా సంస్కరించి, సికింద్రాబాదును గూడ హంటరు మార్గమున వ్రాయరాదా?' రూఢి యోగముకంటె బలవత్తరము. రెండువందల సంవత్సరములకు పైబడి రాజశాసనములందును, ఉత్తరములందును, పటములందును నిలిచిన రూపమును మార్చుటవలన నుచ్చారణమునకు వచ్చు లాభము స్వల్పము. ఆ వ్రాతల నన్వేషించువానికి వచ్చు నష్టము హెచ్చు. శ్రీ సత్యసాయి జిల్లాకు 2022లో పేరు పెట్టినపుడు ఆ నామమునకు పూర్వమే రూఢమైన టి–హెచ్ రూపమునే గ్రహించుట యీ న్యాయముననే సమంజసము.

కావున సిద్ధాంత మిట్లేర్పడును. సామాన్యశబ్దములందు బ్రిటను, అమెరికా రూపములు రెండును సాధువులు. ఒక రచనలో నొక మార్గమునే పాటింపవలయును. సంజ్ఞాశబ్దములందు ఆ యూరును, ఆ సంస్థయు, ఆ వ్యక్తియు వాడుకొను రూపమే గ్రాహ్యము. శాస్త్రగ్రంథములందు, గ్రంథాలయసూచికలందు మాత్రము తకారటకారథకారములకు వేర్వేరు గుర్తులు గల విద్వత్సమ్మతపద్ధతియే శరణ్యము. 1894లో జెనీవానగరమున ప్రాచ్యవిద్యాపరిషత్తు లిప్యంతరపద్ధతిని సమకూర్చెను. 2001లో అంతర్జాతీయ ప్రమాణ మొకటి వెలువడెను. అందు చుక్కలేని 'టి' తకారము, క్రింద చుక్కగల 'టి' టకారము, టి–హెచ్ థకారము. పోతన, శ్రీనాథుడు, కోట, కోత యన్నియు నందు వేర్పడును. చుక్కలు ముద్రించుట కష్టమని పూర్వము చెప్పినవారి మాట చెల్లెను. నేటి యంత్రములకు నది భారము గాదు. అయితే చుక్కలను విడిచి యా పద్ధతినే యనుసరించితి మనుకొనుట కేవల భ్రమ. చుక్క పోయిన వెంటనే కోటయు కోతయు నొకటియగును.

సూచికాకర్త యొక్క పని యింకొకటి మిగిలియున్నది. ప్రతికవి పేరునకును శాస్త్రీయరూపము నొకదానిని ప్రధానముగా నిలిపి, దాని క్రింద హెచ్ గల రూపము, లేని రూపము, ఫ్రెంచి, ఆంగ్లపండితులు వాడిన ప్రాచీనరూపములు చేర్చి, ప్రతిరూపమునుండియు ప్రధానరూపమునకు దారి చూపవలయును. ఈ కార్యమును తెలుగెరిగినవారే చేయగలరు. పోతన పేరునందలి హెచ్ తకారమునకనియు, శ్రీనాథుని పేరునందలి హెచ్ థకారమునకనియు యంత్రము తనంతట నెరుగదు. సాహిత్యపరిషత్తులును, విశ్వవిద్యాలయ గ్రంథాలయములును కలసి యిట్టి నామావళి నొకదానిని సిద్ధపరచుట, వర్ణక్రమముల యాధిక్యమును గూర్చి వాదించుటకంటె ముందు చేయదగిన పని.